ఇంకా విప్పని పటం

ప్రతి బుధవారం రాత్రి 9 గంటలకు నా కథలో ఒక భాగం బయటికి పోతది. ఆ టైముకు నేను ఆస్పత్రిలో నైట్ డ్యూటీ మీద ఉంట. ఎవరికో సెలైన్ మారుస్తుంట, లేకుంటె ఎవరి బీపీయో చూస్తుంట. కథ మాత్రం నేను ముందుగాల పెట్టిన తేదీకి, పెట్టిన టైముకు తనంతట తాను పోతది. నేను ఎన్నడు చూడని ఊర్లల్లో, నాకు ముఖం తెల్వని మనుషుల చేతుల్లో ఫోన్లు మోగుతయి.

రచయితలు ఎట్ల రాస్తరో సాహిత్య పెద్దలు చాలా చెప్పిండ్రు. రాతబల్ల గురించి చెప్పిండ్రు, ఏకాంతం గురించి చెప్పిండ్రు. మాకు బల్ల లేదు. ఏకాంతం అసలే లేదు, రెండు గదుల్లో ఐదుగురం. ఫోను ఉన్నది. ఫోన్లో సీరియల్ రాసేటోళ్ళు తెలుగులో ఇప్పుడు వేలల్లో ఉన్నరు, అందులో ఎక్కువమంది ఆడోళ్ళు. వాళ్ళు ఎట్ల రాస్తున్నరు, రాసింది ఎప్పుడు, ఎట్ల వదుల్తున్నరు అన్నది సాహిత్య చర్చ కిందికి రాదట. 'అవేం రాతలు' అని ముక్కు విరిచేటోళ్ళు ఉన్నరు. ఆ ముక్కు విరుపు మాకు కొత్త గాదు. మా డప్పును చూసి విరిచిండ్రు, మా భాషను చూసి విరిచిండ్రు. అందుకని ఈ పని గురించి నేనే చెప్త. కథ గురించి గాదు, కథను వదిలే పని గురించి.

సీరియల్ ఫోనుతోటి పుట్టలే. 1836లో లండన్‌లో డికెన్స్ 'పిక్విక్ పేపర్స్' నెలనెలా అచ్చేసి అమ్మినప్పుడే ఉన్నది. మన దగ్గర వారపత్రికలే సీరియళ్ళకు తల్లులు. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందే. మా అవ్వ పనిచేసిన పటేలు ఇంట్ల పటేలమ్మ ఆ వీక్లీల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి, అట్ట వేయించి బైండ్లు పెట్టుకునేది. అద్దాల బీరువా నిండా బైండ్లే. మా అవ్వ ఆ బైండ్ల మీద దుమ్ము తుడిచేది. ఆమెకు చదువు రాదు. చదువు వచ్చిన నన్ను బీరువా ముట్టనియ్యలే. తర్వాత సంక్షేమ హాస్టల్లో, చిరిగిన వీక్లీల్లో, మొదలు ఉంటే చివర లేని సీరియళ్ళు చాలా చదివిన. నేను చదివినవాటిలో హీరోయిన్ మా వాడ నుంచి రాలే. మా వాడ మనిషి వస్తే వాకిలి ఊడ్వనీకి వచ్చింది, పేజీ తిప్పేలోపు పోయింది.

వారపత్రిక సీరియల్‌కు ఒక అడ్డుగోడ ఉండేది. రాసినోడికి, చదివేటోడికి నడుమ ఎడిటరు ఉండేటోడు, అచ్చు ఉండేది, పోస్టు ఉండేది. పాఠకుడికి కోపం వస్తే కార్డు రాయాలె, అది చేరనీకి దినాలు పట్టేది. ఆ ఎడిటరు ఎవరు, ఆయనది ఏ కులం, మన కథ ఆయన బల్ల మీద ఎంతకాలం పడుంటది, అది వేరే పురాణం. ఫోను ఆ ఎడిటరును తీసేసింది. నిజమే, నన్ను ఎవ్వరి గడప ముందట నిలబెట్టకుండ పదిమందికి చేర్చింది ఫోనే. అయితే గోడ గూడ పోయింది. భాగం పెట్టిన పది నిమిషాలకు కింద మాటలు పడతయి. పాఠకుడు వచ్చి నీ వాక్యం పక్కన కూసుంటడు. ఇంకా రాయని వాక్యం పక్కన సుత కూసుంటడు. ఆ కూసున్నాయన ఎవరు అన్నదే నాకు ముఖ్యమైన ముచ్చట.

మా అన్న కొడుకు బాసర ట్రిపుల్ ఐటీలో చదువుతున్నడు. వాడు ఇంగ్లీషు వెబ్ నవలలు తెగ చదువుతడు. "అత్తా, నువ్వు చేస్తున్న పని ప్రపంచంలో ఎంతమంది చేస్తున్నరో ఎరికేనా?" అని వాడే ఒక ఎండకాలం సెలవుల్లో అన్నీ చెప్పిండు. కెనడాల జాన్ మెక్రే అనే ఆయన ఉన్నడు. వైల్డ్‌బో పేరుతో రాస్తడు. 'వర్మ్' అనే నవలను 2011 జూన్ నుంచి 2013 నవంబర్ దాకా మంగళవారం, శనివారం ఒక్కొక్క భాగం చొప్పున సైటులో పెట్టిండు. పాఠకులు ఇచ్చిన విరాళాలు కొంత జమైతే గురువారం ఇంకో భాగం అదనం. మొత్తం 16 లక్షల పై మాటలు! నిల్వ పెట్టుకోలేదట, రాసుకుంట పోయిండు, వదులుకుంట పోయిండు. ఆండీ వైర్ అనే అమెరికా ఆయన 'ద మార్షియన్' నవలను తన సైటులో భాగాలుగా ఉచితంగా పెట్టిండు. చదివినోళ్ళల్లో సైన్సు తెలిసినోళ్ళు లెక్కలు సవరించి పంపిండ్రు. ఆయన సరిదిద్దుకున్నడు. తర్వాత అది పుస్తకమైంది, 2015లో సినిమా అయింది.

'రాయల్ రోడ్' అనే సైటులో వేరే పద్ధతి ఉన్నదట. అక్కడ చాలామంది ముందే పది, ఇరవై, ఇంకా ఎక్కువ భాగాలు రాసి పెట్టుకున్నాకనే మొదటిది వదుల్తరు. మొదటి వారంలో గబగబ కొన్ని పెట్టి, కొత్త కథల పట్టీలో పైకి ఎక్కి, ఆ తర్వాత వారానికి రెండో మూడో అని ఒక తీరుకు వస్తరు. నిల్వలో ఉన్న భాగాలను పేట్రియాన్‌లో నెల చందా కట్టినోళ్ళకు ముందే చదవనిస్తరు. అంటే నిల్వ వాళ్ళకు భరోసా, పైసలు సుత. చైనా సంగతి వినంగనే నాకు మా ఊరు యాదికొచ్చింది. అక్కడ చీద్యెన్ అనే సైటు 2003లోనే వెయ్యి అక్షరాలకు ఇంత అని పాఠకుల దగ్గర తీసుకునుడు మొదలుపెట్టింది. రచయితలు రోజూ వేల అక్షరాలు రాసి పెట్టాలె. నెలంతా తప్పకుండ పెట్టినోళ్ళకు హాజరు బోనస్ ఉంటది. ఒక్క దినం తప్పితే అది పోతది. మా అవ్వకు ఈ సంగతి చెప్తె, "అంటే నాగా పెడితె కూలి కోస్తరన్నట్టు" అన్నది. నేను పది మాటల్లో చెప్పింది ఆమె ఒక్క మాటలో చెప్పింది. నాట్లకు పోయినా, కథకు పోయినా నాగా నాగానే.

తెలుగులో రెండు తీర్ల మనుషులను చూసిన. నాతోటి రాసే ఒక చెల్లె ఉన్నది. పిల్లలు పండుకున్నాక రాత్రి 11కు మొదలుపెట్టి, పన్నెండున్నరకు ముగించి, అక్షరదోషాలు సుత చూసుకోకుండ అప్పుడే పెట్టేస్తది. పొద్దున లేచి పాఠకుల మాటలు చదువుకుంటది. ఆ మాటల వేడిమీదనే ఆ రాత్రి భాగం రాస్తది. "అక్కా, ముందే రాసి పెట్టుకుంటె నాకు చల్లారిన అన్నం తిన్నట్టుంటది" అంటది. ఆమె కథలు బాగుంటయి, పరుగెత్తుతయి. ఆమె పద్ధతిని నేను తక్కువ చెయ్య. కాని నేను అట్ల రాయలేను. నేను రాసే కథకు అది పనికి రాదు. ఎందుకో చెప్పాలంటే ముందు రాత ఎట్ల జరుగుతదో చెప్పాలె.

డ్యూటీ రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. రెండింటి నుంచి నాలుగింటి దాకా వార్డు కొంచెం నెమ్మదిస్తది. ఆ నడుమ 300 మాటలు రాస్తే గొప్ప. నాకు ఒక భాగం అంటే 1200 మాటలు. అంటే నాలుగు రాత్రులు. ముందు రాయ, చెప్త. బస్ దిగి ఇంటికి నడిచేటప్పుడు ఫోన్లో మాట్లాడి రికార్డు చేసుకుంట. మొదట్ల మాట్లాడితే తెలుగులో టైపు అయ్యే సౌకర్యం వాడిన. అది మా భాషకు ఎడ్డిది. నేను 'లంద' అంటె అది 'లండన్' అని రాసింది. 'తునకలు' అంటె 'తునికాకు' అన్నది. 'ఆరె' అంటె 'అరే' అన్నది. మా తాత చేతిలో జీవితమంతా ఉన్న పనిముట్టు పేరు దానికి తిట్టు లెక్క వినపడింది! అందుకని ఇప్పుడు వేలితోటే కొడత. ఆదివారం మా అవ్వకు ఫోన్ చేసి చదివి వినిపిస్త. ఆమె మెచ్చుకోదు, తిట్టదు. ఎక్కడన్న బుగులు పడ్డట్టు "ఆఁ" అంటే ఆ వాక్యం ఉంటది. దగ్గితే, "పొయ్యి మీద చారు ఉన్నది" అంటే ఆ పేరా పోతది.

ఆ తర్వాత ఆ భాగాన్ని మూడు వారాలు ముట్ట. ఇది నేను ఎవ్వరి దగ్గర నేర్చుకున్నది గాదు, మా తాత లంద కాడ చూసింది. పచ్చి తోలు తెచ్చిన దినమే చెప్పు కుట్టరు. ముందు సున్నం నీళ్ళల్లో వేస్తరు. వెంట్రుక ఊడినంక గీకి కడుగుతరు. తంగేడు చెక్క దంచి నానబెట్టిన నీళ్ళల్లో నానేస్తరు. ఆ తర్వాత తోలును సంచి లెక్క కుట్టి, లోపల తంగేడు చెక్క నింపి నీళ్ళు పోసి, మూడు కట్టెల మీద వేలాడదీస్తరు. చుక్క చుక్క కారుతుంటది. కారిన నీళ్ళను మళ్ళ పైన పోస్తరు. తొందరపడి తీస్తే తోలు నడుమ పచ్చిగ ఉంటది, ఎండకు ముడుచుకుంటది, వానకు కుళ్ళుతది. లంద వాసనకు ఊరోళ్ళు ముక్కు మూసుకున్నరు. ఆ తోలు చెప్పులు మాత్రం తొడుక్కున్నరు! మూడు వారాల తర్వాత తీసి చదివితే నా భాగంలో పచ్చి ఎక్కడున్నదో నాకే తెలుస్తది. కోపంతోటి రాసిన వాక్యం చల్లబడి ఉంటది, చల్లబడ్డ కోపం ఇంకా పదునుగుంటది. ఏడుపు రాసిన కాడ సగం కొట్టేస్త.

ఇట్ల రాసే మనిషి చేతిలో నిల్వ లేకపోతే నడవది. అందుకే 'టు లెట్' సీరియల్ మొదలుపెట్టేనాటికి నా ఫోన్లో 20 భాగాలు ఉన్నయి. మొదటి భాగం రాసిన ఏడాదిన్నరకు గాని దాన్ని బయట పెట్టలే.

ఈ నిల్వ విషయంలో ఇంకొక గురువు ఉన్నడు. మాది జనగామ దిక్కు. నా చిన్నతనంలో మా వాడకు డక్కలోళ్ళు వచ్చేటోళ్ళు. మాదిగల దగ్గరనే అడిగి, మాదిగల పుట్టుకనే చెప్పేటోళ్ళు. (మా కింద మళ్ళ వాళ్ళను కూసోబెట్టిన నిచ్చెన గురించి వేరేగా, గట్టిగా రాయాలె.) జాంబపురాణం చెప్తుంటె వాడంతా చాపలు పరుచుకొని కూసునేది. చేర్యాల నకాషీ పనోళ్ళు రాసిన బట్ట పటం ఒకటి ఉంటది, ఎర్రటి నేల మీద వరుసగా బొమ్మలు. ఆ పటం మొత్తం ఒక్కసారి విప్పరు. చెప్పే కథకు ఎంత కావాలో అంతే విప్పుతరు. మిగిలింది చుట్టి ఉంటది. ఒకసారి నేను పోయి ఆ చుట్టిన దాన్ని లేపి చూడబోయిన. ఆ ముసలాయన నా చెయ్యి మెల్లగ పక్కకు తీసి, "ముట్టకు బిడ్డా, అండ్ల ఉన్నోళ్ళు ఇంక లేవలే" అన్నడు.

ఆయన ముందట కూసున్నోళ్ళు కథ విని ఏడ్చిండ్రు, నవ్విండ్రు, నడుమల ప్రశ్నలు అడిగిండ్రు, ఎదురు మాట్లాడిండ్రు. ఆయన అన్నింటికి జవాబు చెప్పిండు. కథను ఆపి పాట పెంచిండు, పాట తగ్గించి ముచ్చట పెంచిండు. కాని చుట్ట లోపలి బొమ్మలను ఎవ్వరి కోసం మార్చలే. అవి అప్పటికే రాసి ఉన్నయి.

ఇప్పుడు 'టు లెట్' సంగతి. స్వరూప అనే నర్సు హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కునుడే కథ. ఉప్పల్, రామంతాపూర్, చైతన్యపురి... ఒక్కొక్క భాగం ఒక్కొక్క గేటు. 'ఓన్లీ వెజిటేరియన్స్' అని రాసిన బోర్డులు. "మీరేందమ్మా?" అని అడిగేటోళ్ళు, "ఇంటిపేరు?" అని అడిగేటోళ్ళు, "ఆదివారం ఎక్కడికి పోతరు?" అని చుట్టూ తిప్పి అడిగేటోళ్ళు. ఐదో భాగంలో వసుంధర ఆంటీ వస్తది. ఏమీ అడగకుండ పై పోర్షన్ ఇస్తది. పొద్దున డ్యూటీ నుంచి రాంగనే స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తది. స్వరూప పేరు, ఉద్యోగం, ఇస్త్రీ బట్టలు చూసి ఆమె తనకు తోచిన కులం అనుకున్నది. స్వరూప చెప్పలే, ఆమె అడగలే. పాఠకులకు ఆంటీ మీద ప్రేమ పుట్టింది. ఎంత ప్రేమంటె, అమెరికాల ఉన్న ఆంటీ కొడుకు తోటి స్వరూప పెళ్ళి చెయ్యమని వరుసబెట్టి అడిగిండ్రు. 'మా అమ్మ యాదికొచ్చింది' అని రాసిండ్రు. పాఠకులు సుత స్వరూపను ఆంటీ అనుకున్నట్టే అనుకున్నరు. నేను ఎక్కడా అబద్ధం రాయలే. వాళ్ళే తమ ఇంటి పిల్లను చేసుకున్నరు.

తొమ్మిదో భాగంలో ఊరి నుంచి స్వరూప తల్లి వస్తది. ఎండు తునకలు తెచ్చి వండుతది. ఆంటీ మెట్లెక్కి వస్తది, తలుపు కాడనే నిలబడతది. "ఏం కూరమ్మా?" అంటది. స్వరూప చెప్తది. ఆంటీ కసురుకోదు, గొంతు పెంచదు. తెల్లారి కాఫీ ఇస్తది, అదే చిరునవ్వు. స్టీలు గ్లాసు గాదు, పేపరు కప్పు. "నెలాఖరుకు మా చుట్టాలొస్తున్నరు, ఇల్లు కావాలె" అంటది. భాగం అంతే.

ఆ రాత్రి కింద పడ్డ మాటలు చదవనీకి నాకు రెండు డ్యూటీలు పట్టింది. 'కథ చక్కగ పోతుంటె కులం ఎందుకు తెచ్చిండ్రు?' 'మేము రిలాక్స్ కానీకి చదువుతం, పాలిటిక్స్ కోసం గాదు.' 'ఈ రోజుల్లో ఇట్ల ఎవరున్నరు, 50 ఏండ్ల కిందటి కథ.' 'ఆంటీ తప్పు లేదు, ఆమె పూజలు చేసుకునే మనిషి.' ఒకామె అయితే ఉపాయమే ఇచ్చింది: 'వచ్చే భాగంలో అది ఆంటీ కల అని రాయండి.' తర్వాతి రెండు వారాలకు చదివేటోళ్ళు సగానికి పడ్డరు. కులం ఎవరు తెచ్చిండ్రు? పేపరు కప్పు తెచ్చిందా, పేపరు కప్పు అని రాసిన నేను తెచ్చిన్నా?

ఫోన్ గూడ వచ్చింది. యాప్ పేరు చెప్ప, ఆ అమ్మాయి పేరు చెప్ప. మర్యాదగానే మాట్లాడింది. "మేడమ్, మీ సీరియల్ పైన ఉండేది, ఇప్పుడు కిందికి పోయింది. ఆంటీ మారినట్టు చూపిస్తే మళ్ళ లేస్తది. ఆమె కొడుకును గూడ తొందరగా దింపండి. వారానికి ఒకటి గాక రోజూ ఒకటి పెడితే ఇంకా మంచిది" అన్నది. ఆమె ఉద్యోగం ఆమె చేసింది. నా నోట్లోంచి ఒక్కటే మాట వచ్చింది: "రాసి ఉన్నయమ్మా."

రాసి ఉన్నయి! ఈ రెండు మాటల బలం నాకు ఆ దినం తెలిసింది. పదో భాగం రాసి ఉన్నది. పన్నెండోది రాసి ఉన్నది. వాటికి తేదీలు పెట్టి ఉన్నయి. ఆ వారం నేను కూసొని పదో భాగం రాయాల్సి వస్తే నా పక్కన ఎంతమంది కూసునేటోళ్ళు? ఆంటీని మెచ్చినోళ్ళు, కల అని రాయమన్నామె, యాప్ అమ్మాయి. పల్లెలో మనం మాట్లాడేటప్పుడు ఎదురుగ పటేలు నిలబడితే గొంతు దానంతట అదే తగ్గుతది. అది పిరికితనం గాదు, తరాల అలవాటు ఒంట్లో చేసే పని. ఆ అలవాటు చేతివేళ్ళల్లో సుత ఉంటది. పదో భాగం రాసిన దినం మాత్రం పటేలు లేడు. వార్డులో నిద్రపోతున్న పేషెంట్లు, నేను, ఫోను. ఆ దినం నా గొంతు ఎంత ఉన్నదో అంత గొంతుతోటే ఆ భాగం బయటికి పోయింది. ఆంటీ మారలే. స్వరూప ఆటోలో సామాను వేసుకొని ఇంకో గేటు దగ్గరికి పోయింది.

నిల్వ ఉంటే పాఠకుల మాట వినొద్దని నేను అంటలేను. ఎవరి మాట వినాలో నిదానంగా తేల్చుకునే సందు దొరుకుతది. ఆంటీ సంగతి చదివి సగం మంది పోతే, కొత్తోళ్ళు వచ్చిండ్రు. వాళ్ళు కింద బహిరంగంగా రాయరు, విడిగా రాస్తరు. 'అక్కా, నాది గూడ పేపరు కప్పే.' 'మేము మూడేండ్లు వేరే ఇంటిపేరు చెప్పి ఉన్నం.' 'మా పాప బర్త్‌డేకు కేకు పంపితే కింది ఇంటోళ్ళు చెత్తబుట్టలో వేసిండ్రు.' కువైట్‌లో ఇంటిపని చేసే ఒకామె ఆడియో పంపింది, ఎనిమిది నిమిషాలు. రాయనీకి రాదట, వేరేటోళ్ళు చదివి వినిపిస్తరట. ఈ మాటలు చదివినంక నేను 21 నుంచి ముందుకు రాసుకున్న అనుకోలు విప్పి మళ్ళ చూసిన. అప్పటికి నా అనుకోలులో స్వరూప ఒక్కతే ఉండె. ఇప్పుడు అందులో కువైట్ ఆమె లాంటి మనిషి ఒకరు నడిచి వచ్చింది.

ఒక లా విద్యార్థి చేసిన మేలు గూడ చెప్పాలె. పదిహేడో భాగం పోలీస్ స్టేషన్. దాన్ని రెండు తీర్ల రాసి పెట్టిన. ఒకదాంట్ల స్వరూప కేసు పెడతది. ఇంకోదాంట్ల స్టేషన్ మెట్ల దాకా పోయి ఎస్సై ముందట ఏమని చెప్పాలో తెల్వక నిలబడతది. ఏది పెట్టాలో తేలలే. ఆ పిల్లగాడు పదకొండో భాగం చదివి పెద్ద ఉత్తరం రాసిండు. 1989 అట్రాసిటీ చట్టంలో కులం పేరుతో అవమానం నేరం కావాలంటె అది జనం చూపులో జరగాలె, ఆంటీ నాలుగు గోడల నడుమ, కులం అన్న మాట సుత అనకుండ పంపింది గదా అన్నడు. ఆ చట్టానికి వచ్చిన 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిందని, సాంఘిక, ఆర్థిక బహిష్కారం పెట్టుడు నేరాల్లో చేరిందని చెప్పిండు. చుట్టాలొస్తున్నరు అన్న మాటను ఏ లాయరు ఎట్ల విడదీస్తడు అని అడిగిండు. అద్దె కాగితం 11 నెలలకే ఎందుకు రాస్తరో గూడ రాసిండు. నేను రెండో తీరు ఎంచుకున్న. స్వరూప మెట్ల మీద నిలబడి, జరిగింది మొత్తం తనలో తాను చెప్పుకుంటది. ఏ వాక్యంలోనూ నేరం దొరకది. కప్పు ఒక్కటే దొరుకుతది. ఆ భాగానికి నేను ఇంతదాకా రాసినవాటిలో ఎక్కువ జవాబులు వచ్చినయి.

పోయిన వానాకాలం నాకు డెంగీ వచ్చింది. మూడు వారాలు మంచం మీద ఉన్న. ఆ మూడు వారాలు మూడు భాగాలు వాటి టైముకు అవి పోయినయి. చదివేటోళ్ళకు ఎవ్వరికి తెల్వలే. నా జన్మల నాగా పెట్టినా కూలి తెగని పని అదొక్కటే. మా అవ్వకు ఈ సంగతి భలే నచ్చింది. "నువ్వు పండుకున్నవు, నీ పని నడిచింది, గిసొంటిది మాకెన్నడు లేకపాయె" అన్నది.

మొన్న ఒక విద్యార్థి మీటింగుల ఒక ఆడపిల్ల లేచి "అక్కా, ఎన్ని భాగాలు చేతిలో ఉంటే మొదలుపెట్టొచ్చు?" అని అడిగింది. లెక్క చెప్పలేను గని నా ఆలోచన ఇది. నీ కథలో చదివేటోళ్ళు అలిగి పోయే భాగం ఏదో నీకు ముందే తెలుస్తది. రాసేటప్పుడే చెయ్యి బరువైతది. ఆ భాగం, దాని తర్వాత ఇంకో నాలుగైదు రాసినంకనే మొదటిది వదులు. నీ కథలో అసొంటి భాగం లేకపోతే దినం దినం రాసి దినం దినం పెట్టుకో, ఏం నష్టం లేదు. ఆ పిల్ల నవ్వింది. "నాది రెండో భాగంలనే ఉన్నదక్కా" అన్నది. అయితే ఆరు రాయమన్న. ఆమెది బతుకంతా హాస్టల్ మెస్సు కథ. రాస్తున్నది. ఇప్పుడు నాలుగు అయినయట, ఫోన్ చేసి చెప్పింది. నిల్వ భాగాలను ఫోన్లోనే పెట్టకు, ఫోను పోతే అన్నీ పోతయి, ఈమెయిల్‌లో గూడ వేసుకో అని చెప్పిన. కరెంటు లేని ఇండ్లల్లోంచి వచ్చినోళ్ళం, కాగితం మీద గూడ ఒక ప్రతి ఉంటే నాకు నిమ్మళం.

ఈ వ్యాసం రాసేనాటికి 'టు లెట్' 26వ భాగం కాడ ఉన్నది. 32 దాకా రాసి ఉన్నయి, ఆఖరి రెండు ఇంకా నానుతున్నయి. స్వరూపకు ఇల్లు దొరికిందా అని అడిగేటోళ్ళు ఎక్కువైండ్రు. మా అన్న కొడుకు గూడ రోజుకోసారి అడుగుతడు. ముందే చదవనీకి చందా కడతనని ఆశ సుత పెట్టిండు. 29వ భాగంలో ఏమున్నదో నేను కాక తెలిసిన మనిషి మా అవ్వ ఒక్కతే. వాడు ఆమెను గూడ అడిగిండట. "పొయ్యి మీద చారు ఉన్నది" అని ఫోన్ పెట్టేసిందట.